గర్భసంచి మామూలుగా ఉంది

కొన్నేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. దించుకునే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

నేను తిరుపతిలో స్కానింగ్ డాక్టర్ని. మొదట్లో ప్రతి రిపోర్టూ నోటితో చెప్పేవాడిని, టైపిస్టు కొట్టేది. కాలేయంతో మొదలుపెట్టి ఎక్కడెక్కడికో పోయేవాడిని. ఇంత రామాయణం ఎందుకు, జబ్బేమిటో చెప్పండని సర్జన్లు విసుక్కునేవారు. వాళ్ల మాటా తప్పు కాదు. అందుకని నేనే పట్టుబట్టి కంప్యూటర్‌లో ఒక నమూనా తయారుచేయించాను. ఒక్కో అవయవానికి ఒక్కో గడి. పని త్వరగా తెమలాలని ప్రతి గడిలోనూ ‘మామూలుగా ఉంది’ అని ముందే నింపి పెట్టించాను. తేడా కనిపిస్తే మార్చాలి, అంతే. ప్రశ్న ఉండాల్సిన చోట జవాబు పెట్టేశానని అప్పుడు తోచలేదు. తోచలేదా? తోచినా పట్టించుకోలేదా?

నగరి నుంచి ఒకామె వచ్చింది. మరమగ్గాల షెడ్డులో పనిచేసేది, చిన్న వయసు. విపరీతమైన నడుంనొప్పి. కిడ్నీలో రాయి కోసం వెతికాను, దొరికింది. ఆ ఒక్క గడీ మార్చి సంతకం పెట్టాను. రాయి దొరికిన సంతోషంలో మిగతావి చదవనే లేదు.

కొన్నాళ్లకు ఆ కాగితం పట్టుకుని మళ్లీ వచ్చింది. అప్పుడు నా గదిలో వేరే ఊరి డాక్టర్లున్నారు. మా నమూనా చూసి తమ ఆస్పత్రిలోనూ పెట్టుకుందామని వచ్చారు. నేను మంచి ఊపు మీదున్నాను.

“సారూ, కాన్పులో బిడ్డ పోయినప్పుడు నెత్తురు ఆగలేదని గర్భసంచి తీసేసినామన్నారు ఆ ఆస్పత్రోళ్లు. మీరేమో బాగుండాదని రాసిండారంట. మా వీధిలో నర్సు పని చేసే అక్క చదివి చెప్పింది. నిజమేనా సారూ?”

ఆమె స్కాన్ బొమ్మలు తెరిచాను. మూత్రాశయం వెనక గర్భసంచి లేదు. చూడగానే తెలిసిపోయింది.

“మా ఆయనకు ఇంకో పెండ్లి చేస్తానని మా అత్త ఒకటే పోరు. ఈ కాయితం సూపిస్తే నోరు మూసుకుంటాది. మీరు ఒక్క మాట చెప్పండి సారూ, చాలు.”

“రిపోర్టు సరిగ్గానే ఉందమ్మా,” అన్నాను.

ఆమె సంతోషంతో ఏడ్చేసింది. కాగితాన్ని కళ్లకద్దుకుని వెళ్లిపోయింది. నేను ఆ డాక్టర్లకు గడుల గురించి చెప్పడం కొనసాగించాను.

ఎందుకలా అన్నాను? నలుగురి ముందు పరువు పోతుందని. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా దొరుకుతుందేమోనని నాలో నేను ఎన్నిసార్లు వెతుక్కున్నానో. ఆమె మనసు నొప్పించలేకపోయానని కూడా కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను, కానీ అదీ అబద్ధమే. కాగితంలోది పొరపాటు. నోటితో అన్నది మాత్రం ఎవరూ ముందే నింపి పెట్టింది కాదు.

ఆ సాయంత్రం ఆమె నంబరుకు ఫోన్ చేశాను. భర్త ఎత్తాడు. గొంతు ఎంతో హుషారుగా ఉంది. నేనేమీ మాట్లాడకుండా పెట్టేశాను. తర్వాత కంప్యూటర్‌లో ఆమె రిపోర్టు తెరిచి ఆ గడి దిద్దాను. ఎవరికీ చెప్పలేదు. కొత్త కాగితం పంపలేదు. నమూనాలో గడులన్నీ ఖాళీ చేయించాను, ఎవరికి వారు చూసి రాసేలా. దానికి నన్ను మెచ్చుకున్నారు కూడా. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె బిడ్డ కోసం ఎన్నాళ్లు ఎదురుచూసిందో, చివరికి నిజం ఎవరు చెప్పారో, ఆ తర్వాత అత్తింట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. తెలుసుకోలేదు. నగరి ఏమంత దూరం? బస్సెక్కితే పోయేది. ఎక్కలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఒక్కసారి పైకి అనాలి, అంతే. అంటుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆమెకు గర్భసంచి లేదు. తెలిసే, ఉందన్నాను.