పరిచి ఉంచిన విమానం

మా పక్కింటి ఫిట్టర్ సాబ్ కిందటి నెల ఒక శనివారం పొద్దున కన్నుమూశారు. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టారు, గోడకు ఆనుకున్నారు, అంతే. ఆయన భార్య, నేను వదిన అని పిలిచే మనిషి, కేకేస్తే విని నేను లుంగీతోనే పరుగెత్తాను. మా హట్టి బంగారు గనిలో ఆయన్ను ఎరగని పాత మనిషి లేడు, కాబట్టి కబురు చాలామందికి చేరే ఉంటుంది. అయినా రాస్తున్నాను. ఏడుస్తూ కాదు, సంతోషంగా. చావు మాట రాస్తూ ఈ ముసలాడికి సంతోషమేమిటని అనుకునేవాళ్లు అనుకోనీ. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. లోపల ఒకటి పెట్టుకుని పైకి ఒకటి రాయడం నాకు రాదు.

ఆయన ముప్పై ఏళ్లకు పైగా గని వర్క్‌షాపులో పనిచేశారు. నేను లోపల రాయి ఎత్తిపోసేవాణ్ణి. పంపు చెడిపోయి మా మోకాళ్లదాకా నీళ్లు వచ్చినా, అది ఫిట్టర్ సాబ్ చేతికి వెళ్లిందంటే మాకు ధైర్యం. ఆయన పద్ధతి ఒకటే. యంత్రం విప్పాక, మళ్లీ బిగించే ముందు, ఉతికిన తెల్లగుడ్డ పరిచి, ఏది ముందు చేతికి రావాలో ఆ వరుసలో ముక్కలన్నీ పేర్చేవారు. అన్నీ పేర్చాక వాటి ముందు ఊరికే కూర్చుని చూసేవారు. పైవాళ్లు తొందరపెడితే, “పరుచుడే అసలు పని సాబ్. బిగించుడు చేతులే చూసుకుంటయి” అనేవారు. ఎవరి మొహం చూసీ ఆ పద్ధతి మార్చుకోలేదు.

రిటైరయ్యాక ఆయన హైదరాబాదు నుంచి ఒక పెట్టె తెప్పించారు. రిమోటుతో ఎగిరే విమానం అది, ముక్కలుగా వచ్చింది. ఎవరికి వాళ్లు బిగించుకోవాలి. గనివాళ్లం ఉండే క్యాంపంతా ఒకటే నవ్వు. మనవళ్లు లేని ఇంటికి ఆటబొమ్మ వచ్చిందన్నారు. ఆయనకు చెబితే, “పళ్లున్నోళ్లు నవ్వుతరు తీయ్” అన్నారు, తన బోసినోరు చూపించి.

పెట్టెలోని కాగితం ఇంగ్లీషులో ఉంటే చదవడానికి మా అమ్మాయిని పిలిచారు. మా అమ్మాయి పక్క ఊరు మస్కిలో హైస్కూల్లో సైన్సు టీచరు. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. పదో తరగతి అయినప్పుడు అది మెకానికల్ డిప్లొమా చదువుతానంటే నేనే వద్దన్నాను. ఆడపిల్లకు నూనె చేతులెందుకన్నాను. ఆ రోజు ఫిట్టర్ సాబ్ నాతో పోట్లాడి, నెల్లాళ్లు మాట్లాడలేదు. తర్వాత ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ఆ విమానం వచ్చాక మాత్రం ప్రతి ఆదివారం మా గడప దగ్గరకు వచ్చి నిలబడేవారు. “తమ్మీ, బిడ్డను పంపు. పనుంది.” ఆట ఉందని ఏనాడూ అనలేదు.

ఒక సంగతి చెబితే నవ్వుతారు. ఆ రెక్కలు దూదిలాగా తేలికైనవి. గనిలో బతికినవాడికి ఏదైనా పలుచగా కనిపిస్తే భయం, తలమీద పడుతుందని. అందుకని ఆయన రెక్కల మొదళ్ల దగ్గర ఇనుప పట్టీలు కోసి అమర్చారు. రెండు చిన్న స్క్రూలు చాలన్నచోట నాలుగు బోల్టులు వేశారు. నేనూ పక్కన కూర్చుని, ఇంకొకటి వెయ్యి అన్నా అని ఎగదోశాను. మా అమ్మాయి వంటింటి కాటా తెచ్చి, మొత్తం తూచి, కాగితంలో రాసిన బరువు చూపించింది.

“ఇది లేవదు పెద్దనాయినా.”

ఆయన పనిని తప్పుపట్టినవాళ్లను నేను చూడలేదు. ఆయన కాటా వైపు చూశారు. తర్వాత తానే ఒక్కొక్క బోల్టూ విప్పి నా అరచేతిలో పోశారు.

“నాకు కిందికి దించుడే ఎరుక బిడ్డా. లేపుడు నువ్వు చెప్పు, నేను వింట.”

అంత పెద్ద పనిమంతుడు నా కూతురితో అన్న మాట అది. నాకు అక్కడే ఈల వెయ్యాలనిపించింది.

వేళ్లు వణుకుతున్నాయని, బిగించేది తానే చేయాలని అమ్మాయికి చెప్పారు. శుక్రవారం సాయంత్రానికి ముందు గదిలో తెల్లగుడ్డ మీద రెక్కలు, తోక, మోటారు, సన్నని కడ్డీలు, ఆవగింజంత స్క్రూలు అన్నీ వరుసలో ఉన్నాయి. ఆదివారం బిగించాలి. శనివారం ఆయన పోయారు.

లింగసుగూరు నుంచి ఆయన అన్నగారు వచ్చారు. శవాన్ని ముందు గదిలోకి తేవాలి. అక్కడ విమానం ఉంది. “శవాన్ని పండబెట్టే జాగల గీ పోరల ఆటసామానేంది? మూటగట్టి అవుతల పడేయుండ్రి” అన్నారు. ఎవరో గుడ్డ అంచులు పట్టుకున్నారు. నేను పరాయి ఇంట్లో గొంతు ఎత్తినవాణ్ణి కాదు. ఆ రోజు ఎత్తాను.

“ఆ గుడ్డ ముట్టొద్దు. మూటగడితే ఆయన పని ఆగమైతది.”

“నువ్వెవరయ్యా చెప్పనీకి?”

నిజమే, నేనెవర్ని? అయినా గుడ్డకు అడ్డంగా నిలబడ్డాను. వదిన తల ఎత్తింది.

“బయట అరుగు మీద పండబెట్టుండ్రి. లోపల ఆయన పని ఉంది.”

అరుగు మీదే పడుకోబెట్టాం. ఎండ తగలకుండా దుప్పట్లు కట్టాం. పాపమన్నారు, అరిష్టమన్నారు. అననీ. ఏడ్చేవాళ్ల కాళ్లు తగలకుండా మా అమ్మాయి రోజంతా ఆ గుడ్డ పక్కనే కూర్చుంది. నా జీవితంలో నేను కాపలా కాసినవాటిలో అంత విలువైనది ఇంకొకటి లేదు.

పదకొండో రోజు దాటాక వచ్చిన ఆదివారం వదినే మా అమ్మాయిని పిలిచింది. ఏడాది గడిచాకే ఆ సామాను ముట్టాలని మళ్లీ ఎవరో అన్నారు. వదిన వినలేదు. నేను విననివ్వలేదు. అమ్మాయి కూర్చుని, వరుసలో ఉన్నది ఉన్నట్టు, ఒక్కొక్కటీ తీసి బిగించింది. ఒక్కసారి కూడా దేనికోసమూ వెతుక్కోలేదు. చెయ్యి చాపితే కావలసింది అక్కడే ఉంది. చివరికి ముందూ వెనకా బరువు సరితూగిందో లేదో చూడాలని, రెక్కల కింద రెండు వేళ్లు ఆనించి పైకి ఎత్తింది. ఫ్యాను గాలికి విమానం ఊగింది. వదిన లేచి ఫ్యాను ఆపింది.

రాయచూరు ఎండాకాలం మీకు తెలుసు. గదిలో ముగ్గురం చెమటతో తడిసిపోయాం. విమానం ముక్కు ఒరగలేదు, తోక వాలలేదు, నా కూతురి రెండు వేళ్ల మీద నీళ్లలా సమంగా నిలబడింది. ఎంతసేపైనా ఎవరమూ ఫ్యాను వెయ్యడానికి లేవలేదు.