మోకాలి లోతు

పెనుబల్లిలో పురుగుమందుల దుకాణం నడిపే వెంకటరామారావుకు నీళ్లంటే ప్రాణభయం. స్నానం చేస్తూ తల మీద చెంబుడు నీళ్లు పోసుకోవాలన్నా ముందు ఊపిరి బిగబడతాడు. భద్రాచలంలో పడవ ఎక్కితే గోదావరి వంక చూడడు, పడవవాడి వీపునే చూస్తూ కూర్చుంటాడు. అలాంటిది, సరుకు బాగా అమ్మినందుకు కంపెనీ ఆ ఏడు డీలర్లను భార్యలతో సహా మారిషస్ తీసుకెళతానంది. సముద్రంలో ఈత, చిన్న పడవల్లో షికారు అన్నీ ఉంటాయట. భార్య ప్రమీలారాణి సంబరపడిపోయి, ముందే అలవాటు కావాలని ఆయన్ను ఊరి దగ్గరి లంకాసాగర్ జలాశయానికి లాక్కెళ్లింది. తోడుగా వాళ్ల ట్రాక్టరు డ్రైవరు భీమ్లా వచ్చాడు. వెంకటరామారావు మోకాలి లోతులోనే ఆగిపోయాడు. ఆమె ఇంకాస్త ముందుకు నడిచి, కాలు జారి మునిగిపోయింది. గాజుల చెయ్యి ఒక్కటే పైకి కనిపించింది. ఆయన నోరు తెరిచాడు గాని అరుపు రాలేదు, కాలు కదలలేదు. భీమ్లాయే దూకి ఆమెను పైకి లాగాడు. దగ్గుతూ ఒడ్డుకు చేరిన ప్రమీలారాణి భర్త ముఖం చూసి, కొంగు పిండుకుంటూ మెల్లగా అంది: "పోనీలెండి. మారిషస్‌లో మీరు ఒడ్డున కూర్చోండి."

మర్నాడు పొద్దున్నే ఆయన భార్యకు చెప్పకుండా భీమ్లాను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. మోకాలి లోతులో ఆగి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"మెడ లోతు దాకా తీస్కపో భీమ్లా. నేను మొత్తుకున్నా బయటికి తియ్యకు."

"గట్లెట్ల సార్? భయపడ్తరు కదా!"

"అవ్, భయమే. చెయ్యి మాత్రం ఇడువకు," అంటూ కళ్లు మూసుకుని అడుగు వేశాడు.