ఐదో నెల ముక్కు

మా అత్తవారిది ఎండుచేపల వ్యాపారం. తీరంలో ఆరబెట్టిన నెత్తళ్లూ కవళ్లూ గంపలకెత్తి శృంగవరపుకోట సంతకు తీసుకెళ్లి అమ్ముతాం. ఏ గంప సంతకు వెళ్లాలో, ఏది కోళ్ల దాణాకు పోవాలో వాసన చూసి తేల్చే పని నాది. ఇంట్లో నాకున్న గౌరవమంతా ఆ గంపల దగ్గరే ఉండేది.

ఎనిమిదో తరగతితో నా బడి ఆగింది. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయం పెట్టిందే. నాకు మూడో నెలలో అక్కడ గర్భిణుల ఆరోగ్యం మీద ఒక పుస్తకం దొరికింది. నెలకో అధ్యాయం. ఏ పుస్తకంలోనూ రాబోయే పేజీలు ముందే తిప్పి చూడకపోవడం నా నియమం. చివరి పేజీ తొంగిచూసే పాఠకులంటే నాకు చిన్నచూపు. అందుకని మూడు అధ్యాయాలు చదివి, నాలుగోది నాలుగో నెలలో చదువుదామని పుస్తకం తిరిగిచ్చేశాను. మళ్లీ వెళ్లేసరికి దాన్ని వేరెవరో పట్టుకెళ్లారు.

చదివినంతలో ఒక విషయం ఇంటిల్లిపాదికీ వినిపించాను: గర్భిణికి వాసనలు మరీ ఎక్కువగా తెలుస్తాయి. అత్త పొంగిపోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో ప్రతిదీ నా ముక్కు కింద నుంచే వెళ్లేది. పాలు, గ్యాస్ సిలిండరు, మా ఆయన చొక్కా, మావ నోరు. మావ సాయంత్రాలు పెరటి దారిన రావడం మొదలుపెట్టాడు.

నాలుగో నెల చివర్లో ముక్కు మూసుకుపోయింది. జలుబు లేదు, జ్వరం లేదు. గొంతులోకి ఏదో కారుతున్నట్టుండి, రోజంతా గొంతు సవరించుకోవడమే పని. ఫోన్ చేసిన చుట్టాలు బొంగురుపోయిన నా గొంతు విని, మా ఆయనే అనుకుని "బావా" అనేవారు. నా గురకకి ఆయన చాప చుట్టుకుని అరుగు మీదికి మారిపోయాడు. వాసన తెలియడం లేదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. మా తోడికోడలి కన్ను ఏడాదిగా ఆ గంపల మీదే ఉంది. పైగా పుస్తకం సాక్షిగా నా ముక్కు పదునెక్కిందని చాటింది నేనే. గంపలో ముఖం పెట్టి, కళ్లు మూసుకుని, కాసేపు ఆగి "ఇది సంతకే" అనేదాన్ని. నిజంగా వాసన తెలిసిన రోజుల్లో ఇంత తంతు ఉండేది కాదు.

ఐదో నెలలో ఒక సంతకి అత్త వెంట నేనూ వెళ్లాను. "మా కోడలు కడుపుతో ఉన్నాది. దాని ముక్కు దాటి పాడుసేప రాదు," అని అత్త వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. ఏళ్లుగా మా దగ్గరే కొనే ఒక ముసలామె గుప్పెడు నెత్తళ్లు తీసి నా ముక్కుకి ఆనించింది.

"ఇదేటి వాసనే, గుంటా?"

"సముద్రం వాసన," అన్నాను ధీమాగా.

"సముద్రం ఎప్పుడు సచ్చిపోనాదే?"

చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. అత్త ఒక నెత్తల్ని తీసి వంచింది. పుటుక్కున విరగాల్సింది మెత్తగా వంగింది. గంప మీద గోనె కప్పేసి నా వైపు తిరిగింది.

"నీకు వాసన తెలస్తన్నాదేటే?"

"నెల్లాళ్ల బట్టి లేదత్తా."

"మరి ఆ పుస్తకమేటి సెప్పినాది?"

"మూడో నెల దాకే సదివినాను."

"ఓలమ్మ! పుస్తకం కూడా నెలలు నిండితే గాని సదవవేటే?"

మర్నాడు గ్రంథాలయానికి వెళ్తే పుస్తకం తిరిగొచ్చి ఉంది. అక్కడ నిలబడే ఐదో అధ్యాయం చదివాను. అంతా అక్కడే ఉంది. ఒంట్లో రక్తం పెరిగి ముక్కు లోపలి పొర ఉబ్బుతుందట. కాన్పయ్యాక దానంతటదే తగ్గుతుందట. తల కాస్త ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలట, ఉప్పునీటి చుక్కలు వేసుకోవచ్చట. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ కూడా అదే చెప్పి, మందుల షాపులో ఏ చుక్కలు పడితే అవి కొనొద్దని హెచ్చరించింది. ఇంటికొచ్చి ఇదంతా వివరిస్తే, అత్త వేయించిన వాము గుడ్డలో మూటగట్టి నా చేతిలో పెట్టింది. గంపలు తోడికోడలికి అప్పగించింది.

ఆమె ఒక్క పుస్తకమూ చదివి ఎరగదు. నేను కాన్పుకు పుట్టింటికి వెళ్లేదాకా ఆశగా చూశాను. సంత నుంచి ఒక్క గంపా తిరిగి రాలేదు. ఈ వాక్యం రాయడం నాకు కొంచెం కష్టంగానే ఉంది.

కాన్పయిన వారానికి ముక్కు తెరుచుకుంది. పిల్లనెత్తుకుని అత్తవారింటికి వచ్చిన రోజు, ఆటో దిగుతూనే ఏ గంపలో తడి ఉందో పసిగట్టాను. నేరుగా అక్కడికే వెళ్లి వంగాను.

"ఉండక్కా, తొందరేటి," అంది తోడికోడలు, గంప తన వైపు లాక్కుంటూ. "పిల్ల ఏడుస్తన్నాది, సూడు."

పిల్ల ఏడవడం లేదు. నా భుజం మీద హాయిగా నిద్రపోతోంది.