రుద్రారం బస్టాపులో గొర్రె ఈనిన రోజు

తొంభైలలో ఒక మిట్టమధ్యాహ్నం, రుద్రారం బస్టాపులో పటాన్‌చెరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఒక నడివయసు రైతు తోలుకుపోతున్న గొర్రెల్లో ఒకటి నొప్పులతో వచ్చి, బస్సు కోసం మేమంతా నిలబడ్డ నీడలోనే కూలబడింది. అతను మోకాళ్ల మీద కూర్చుని, లోపలికి చెయ్యి పెట్టి పిల్లను బయటికి లాగాడు. దానిలో కదలిక లేదు. ముక్కు నిండా జిగురు.

అతను దిగ్గున లేచి, పిల్ల వెనక కాళ్లు పట్టుకుని గిరగిరా తిప్పసాగాడు. నెత్తురూ ఉమ్మనీరూ మా బట్టల మీద చిమ్మాయి. చంపేస్తున్నాడనే అనుకున్నాం అందరం.

"పుట్టినదాన్ని నేలకేసి కొడ్తవారా?" అంటూ, షిఫ్టు దిగి వచ్చిన ఒక కుర్ర కార్మికుడు అతని మూతి మీద గుద్దాడు. కింద పడితే భుజం మీద తన్నాడు. పెదవి చిట్లినా అతను పిల్లను వదల్లేదు.

"నన్ను కొట్టుండ్రి, గని చెయ్యి పట్టకుండ్రి! జిగురు బయటికి రావాలె. పోయిన ఈతల పిల్లలను పావురంగ, ముద్దుగ తుడ్సుకుంట కూసున్న. ఊపిరాడక నా చేతులల్లనే సచ్చినయి."

లేచి మళ్లీ తిప్పాడు. పిల్ల తుమ్మి, సన్నగా అరిచింది.

దాన్ని తల్లి మూతి ముందు పడుకోబెట్టి, గొర్రె పొట్ట తడిమాడు. "జెర జరగుండ్రి. ఇంకోటున్నది."

రెండోదీ ఊపిరి లేకుండానే బయటపడింది. ఈసారి తన్ను తిన్న భుజం పైకి లేవలేదు. పిల్లను తీసుకెళ్లి కొట్టినవాడి చేతుల్లోనే పెట్టాడు.

"నేను తిప్పాల్నా, కాకా?" అన్నాడు వాడు.

"తిప్పు. నన్ను కొట్టినంత గట్టిగ తిప్పు."