మరకల ఆత్మారాం సారు

ఆత్మారాం సారుకు మరకలు కనబడతాయి. లేనిచోట కూడా కనబడతాయి, అదే ఆయన జబ్బు. కనబడ్డాక ఊరుకుంటాడా? పక్క గదిలో పాఠం ఆగిపోయేలా అరుస్తాడు.

2007లో బోధన్‌లోని ఆ సర్కారు బడికి నాలుగు ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. మిఠాయి దుకాణం రాజేశ్వర్ సేటు, ఆయన దోస్తులు కలిసి ఇచ్చారు. లెక్కల గదిలో పెట్టారు గనుక, లెక్కలు చెప్పే ఆత్మారాం సారు వాటికి కాపలాదారైపోయాడు. అవి వచ్చిన రోజే చట్టం చేశాడు.

"ముందుగాల తెల్ల కాయితం మీద రాయాలె. మరక పడ్డదా, నల్లా కాడికి పోయి చేతులు కడగాలె. గప్పుడే డబ్బ ముట్టాలె!"

మరక పడని కాయితం ఒక్కటీ లేదు. సేటు కొడుకు రామ్‌దాస్ ముత్యాల్లాంటి అక్షరాలు రాసి తెచ్చాడు.

"ఏందిరా గీ మరక?"

"సార్, అది ఫుల్‌స్టాప్."

"ఫుల్‌స్టాప్ గంత లావుంటదా? నడువ్ నల్లా కాడికి!"

ఒకసారి హెడ్మాస్టరమ్మ శ్యామలమ్మ సర్క్యులర్ పట్టుకొస్తే దాన్నీ వదల్లేదు. "మేడం, మూలకు మరక!" "అది ఆఫీసు ముద్ర సారూ!" "ముద్రయితే ఏంది, కడుక్కోండ్రి!" ఆ మహాతల్లి గొణుక్కుంటూ వెళ్ళి నిజంగానే కడుక్కుంది.

కంప్యూటర్ నేర్పడానికి కొత్తగా వచ్చిన గంగమణికి ఒళ్ళు మండిపోయేది. ఉన్నదే ఒక్క పీరియడు. సగం రాతకు, సగం నల్లాకు పోతే టైపు చేసేదెప్పుడు, ఈయన తలకాయ! వెనక బెంచీ దేవవ్వ ఇంతవరకు ఒక్క అక్షరం కొట్టలేదు. పొద్దున్నే అమ్మతో బీడీలు చుట్టి పరుగున వచ్చే పిల్ల. తన వంతు వచ్చేసరికి రోజూ గంట కొట్టేస్తారు. ఆ రోజు కూడా కొట్టేశారు. దేవవ్వ తడి చేతులు లంగాకు తుడుచుకుంటూ బిక్కమొహం వేసింది.

ఇక లాభం లేదు, ఇవాళ ఆయనో నేనో తేలిపోవాలి అనుకుంటూ గంగమణి విసవిసా ఆఫీసుకు నడిచింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల శ్యామలమ్మ, ఆత్మారాం సారుల ఎదురుగా రాజేశ్వర్ సేటు ఒక ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు.

"సూడుండ్రి మేడం, గీ బటన్ లోపటికి పోయి మళ్ళ వస్తలేదు. అంత తంబాకు పొడే. బీడీలు చుట్టే పోరలను వీటి దగ్గరికి రానియ్యద్దని మొదటి రోజే జెప్పిన. గీ సారే ఇనలే."

ఆత్మారాం సారు కుర్చీ తన్నేసి లేచాడు.

"ఇయ్యాల గూడ ఇనను! తంబాకొక్కటే దుమ్మా ఏంది? నీ కొడుకు చేతికి జిలేబి పాకముంటది, నా చేతికి చాక్‌పీసు పొడుంటది. అందరం కడుగుతం! గంతేగానీ, ఒక్క పిల్లను పక్కకు నిలబెట్టి నీ చేతులు గలీజు అనుమంటే నాతోని గాదు... తీస్కపో, నాలుగు డబ్బలు ఇప్పుడే తీస్కపో!"

"గింత గరమైతవేంది సారూ, ఉండనియ్యి" అంటూ సేటు చాయ్ కూడా తాగకుండా లేచాడు.

గంగమణి కోపం పోలేదు. సారు మీంచి సేటు మీదికి మారింది, అంతే. వరండాలో సారును ఆపింది.

"నాకొక్క మాట చెప్తే ఏం బోతుండె సారూ?"

"చెప్తే నువ్వు గా బీడీల పిల్లలను పాపమని సూస్తవు. గట్ల సూసినా వాళ్ళకు తెలుస్తది బిడ్డా. పో, క్లాసు సూస్కో!"

మర్నాడు గంగమణి కాయితాలు చూడటం తానే మొదలుపెట్టింది, అదీ వెనక బెంచీ నుంచి.

"దేవవ్వా, మరకున్నదమ్మా. కడుక్కొని రా."

గుమ్మంలోంచి ఉరిమినట్టు సారు గొంతు వచ్చింది. "గదేం తిట్టుడు బిడ్డా? గంత మెత్తగ తిడితే పిల్లకు అనుమానమొస్తది! గట్టిగ తిట్టు. అందరిని తిట్టు. ఒక్కరికి గూడ తక్కువ పడద్దు!"

గంగమణి గట్టిగా ఊపిరి పీల్చి క్లాసు క్లాసంతటినీ దులిపేసింది. పిల్లలు బిలబిలమంటూ నల్లా మీద పడ్డారు. దేవవ్వ అందరికంటే ముందు కడుక్కొచ్చి, సారును తిట్టుకుంటూ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.