గిడ్డంగికి ముందు ఎటు?

పాత కట్టడాలంటే నాకు పిచ్చి. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది ఎండాకాలంలో, ఇంగ్లీషు వర్తకులు జార్జి రాజుల కాలపు పద్ధతిలో కట్టిన గిడ్డంగి ఒకటి ఉందని విని, శ్రీకాకుళంలో బస్సెక్కి కళింగపట్నం వెళ్లాను. వీధివైపు నాలుగు గుండ్రటి స్తంభాలు, తలుపు నెత్తిన విసనకర్రలా విచ్చుకున్న కిటికీ. కుడి ఎలా ఉందో ఎడమ అచ్చం అలాగే ఉంది. అంత సొగసూ పెచ్చులూడి, నాచు పట్టిపోయింది.

వెనక్కి వెళ్లి చూద్దును కదా, సముద్రంవైపు కిటికీ కూడా లేని బోడిగోడ తెల్లగా మెరిసిపోతోంది! జాలరి ఇల్లాలు ఒకామె నిచ్చెనెక్కి దానికింకా సున్నం వేస్తోంది.

"వెనకగోడ ఎవరు చూస్తారమ్మా? ఆ సున్నమేదో ముందువైపు వేయొచ్చుగా?" అన్నాను.

ఆమె కుంచె ఆపి నన్ను వింతగా చూసింది. "ఇది ఎనకేటి బాబూ? పడవలోంచి సూస్తే ఇదే ముందు. ఈ తెలుపు సూసుకునే మావోళ్లు ఒడ్డుకి తిరుగుతారు. అందుకే ఏటా మా ఆడోళ్లం సున్నమేస్తాం. నిరుడు వానలకి నల్లబడిపోతే, మా మరిది పడవ దారి తప్పి ఎక్కడో బారువ ఊరి కాడ తేలింది."

"మరి మీ ఆయన?"

కుంచెతో సముద్రం చూపించింది. ఎంత చూసినా నాకు నీళ్లే కనిపించాయి.

"కనబడటం లేదే!"

"నాకూ అగుపడడు బాబూ. ఆడికి గోడ అగుపడితే సాలు," అని మళ్లీ గోడవైపు తిరిగింది.