నల్ల అక్షరాలు చాలన్న తోడికోడలు

సముద్రం నడుమ దీవుల్లో ఉన్న డిగ్నాబాద్‌లో మా ఇల్లు రెండు వాటాలు. ఒకటి మాది, రెండోది మా మరిదిది. ముందున్న వరండాకు నడుమ వెదురు తడక ఒకటి కట్టుకున్నాం. పొద్దున లేవగానే ఆ తడక సందులోంచి అవతలి గుమ్మం ముందు ఎన్ని జతల చెప్పులున్నాయో చూసుకోవడం నాకు అలవాటైపోయింది. నాలుగు జతలుంటే ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువయ్యేది. మా ఆయన కారణం అడక్కుండా మజ్జిగ కలుపుకుని తినేసేవాడు.

సునామీ వచ్చిన ఏడాది ఆ చెప్పులన్నీ నా గుమ్మం ముందే ఉండేవి. సముద్రం ఇళ్లతోపాటు కాగితాలు కూడా పట్టుకుపోయింది. రేషన్ కార్డుకు ఒక అర్జీ, కూలిన గోడకు ఒక అర్జీ, పోయిన పడవకు ఒక అర్జీ. అక్కడి మన తెలుగువాళ్లు హిందీ గడగడా మాట్లాడతారు కానీ రాయమంటే పెన్ను పక్కన పెట్టేస్తారు. నేను అక్కడే పుట్టి అక్కడి బళ్లోనే చదువుకున్నదాన్ని. హిందీ, ఇంగ్లీషు రెండూ గుండ్రంగా రాస్తాను. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. బజార్లో ఎవరైనా ఆగి, "నమస్తే దీదీ, మీ కాగితం పని చేసింది" అంటే చాలు, ఇంటికి నడిచినట్టు కూడా తెలిసేది కాదు. ఆ మాట కోసమే రాసేదాన్నని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

తర్వాత రెండేళ్లకు మరిదికి పెళ్లయింది. శ్రీకాకుళం వైపు పిల్ల, కంప్యూటర్ నేర్చుకుని వచ్చింది. వచ్చిన ఆర్నెల్లకు లోపలి గదిలో కంప్యూటర్ పెట్టించుకుంది, దాని పక్కన ఒక రంగుల ప్రింటర్. మొదట పక్కింటి ఆవిడ వెళ్లింది, తర్వాత ఆవిడ చెల్లెలు, ఆ తర్వాత ఊరంతా. ఆ యంత్రం ముందు నా దస్తూరీ వెలవెలబోయిందనుకున్నాను. అది తప్ప ఇంకో కారణం ఉండొచ్చని నాకు తోచలేదు. ఆ పిల్ల హిందీ నా హిందీ ముందు ఎందుకూ పనికిరాదు. 'కీ' రాయాల్సిన చోట 'కా' రాసేది. ఆ తప్పులు తలుచుకుని లోపల్లోపల మురిసిపోయేదాన్ని.

నేనూ ప్రింటర్ కొంటానని మా ఆయనతో అన్నాను. ఆయన పనిచేసే కాంట్రాక్టరు ఆఫీసులో పాత కంప్యూటర్ ఒకటి తీసేస్తుంటే అది ఇంటికి తెచ్చాడు. ప్రింటర్ ఏది కొనాలో తోడికోడలినే అడుగు, తనకు తెలుసు కదా అన్నాడు. నాకు మనసొప్పలేదు. అయినా ఒకరోజు బట్టలారేస్తూ, ఏదో మాటవరసకు అన్నట్టు అడిగాను.

ఆ పిల్ల చేతిలో బట్ట పక్కన పెట్టి మరీ చెప్పింది. "అక్కా, మనం కొట్టేది ఉత్త రాతే కదా, రంగులెందుకు? నల్లది ఒక్కటే కొట్టే లేజర్ కొనుక్కో. పొడితో నడుస్తాది, తడిసినా అక్షరం చెదరదు. నాది సిరాది, నాల్రోజులు వాడకపోతే ఎండిపోతంది. నేను కొని తప్పు చేసేసేను."

నవ్వుతూ తలూపాను. తనకు రంగులు, నాకు నలుపూనా అనుకున్నాను లోపల. నన్ను ఒక మెట్టు కింద ఉంచడానికి ఎంత తియ్యగా చెప్పింది అనుకున్నాను. అబర్దీన్ బజారులో కంప్యూటర్ల కొట్టు భయ్యా కూడా సరిగ్గా అదే చెప్పాడు. రాత పనికైతే నల్ల లేజర్ తీసుకోండి, కొనేటప్పుడు కాస్త ఎక్కువనిపించినా పేజీకి వచ్చే ఖర్చు తక్కువ, పొడి డబ్బా ఇక్కడే దొరుకుతుంది అన్నాడు. మా తోడికోడలు ముందే వచ్చి వీడికి నేర్పి వెళ్లిందేమో అని కూడా అనుకున్నాను.

ఆ దీవుల్లో మాకో అలవాటుంది. మంచి వస్తువు ఏదైనా బజారులో కొనం, షిప్పులో వచ్చేవాళ్ల చేత తెప్పించుకుంటాం. అలాగే విశాఖలో ఉన్న మా పెదనాన్న కొడుక్కి ఫోన్ చేసి, ఆమె దానికంటే పెద్దది, రంగులదే పంపమన్నాను. నెలకోసారి వచ్చే షిప్పులో అది వచ్చింది. వరండాలో అందరూ చూసేలా పెట్టె విప్పాను. నాలుగు రంగులకు నాలుగు సిరా డబ్బాలు. అర్జీ పైన శీర్షిక ఎర్రగా, కింద గీత నీలంగా కొట్టాను. అర్జీకి ఎరుపెందుకో నాకే తెలియదు.

ఆ వారం నా గుమ్మం ముందు మళ్లీ మూడు జతల చెప్పులు కనిపించాయి. అందులో ఒక జత తుష్నాబాద్ నుంచి వచ్చే పెద్దాయనది. సునామీ ఏడాది నుంచి ఆయన నా మనిషే. అక్కడ కొంచెం కొబ్బరి, కాస్త కూరగాయల నేల ఉంది ఆయనకు. దానికి పరిహారం కావాలని, ఆ నేల సంగతి అరగంట చెప్పాడు. నేను ఊ కొడుతూ కంప్యూటర్‌లో ఇంకొకరి నేల కోసం కొట్టి ఉంచిన పాత అర్జీ తెరిచి, పేరు, ఊరు మార్చి, పచ్చరంగు గీత ఒకటి చేర్చి ప్రింటు తీసి ఇచ్చాను. వేలు పెట్టి చూపించిన చోట ఆయన వంకర టింకరగా సంతకం పెట్టాడు. అర్జీలు పుచ్చుకోవడానికి శుక్రవారం ఆఖరు.

శుక్రవారం పొద్దున ఆయన నిలువునా తడిసి నా గుమ్మం ముందు నిలబడ్డాడు. బస్సు దిగి ఆఫీసుకు నడిచేలోపు వాన దంచేసిందట. జేబులోంచి తీసిన కాగితం మీద ఎరుపూ పచ్చా నలుపూ కలిసి ఒకే మడుగు. గుమాస్తా చూసి, కొత్తది తెమ్మని, రెండు గంటల వరకూ ఉంటానని చెప్పాడట.

ప్రింటర్ ఆన్ చేస్తే పసుపు అయిపోయిందంది. నాకు కావాల్సింది నలుపు, అది నిండుగా ఉంది. అయినా పసుపు పెడితే తప్ప కాగితం లాగదు. ఆ డబ్బా మా బజారులో దొరికే రకం కాదు, షిప్పు ఇంకా ఇరవై రోజులకు గానీ రాదు. చేత్తో రాసిద్దామని కూర్చుంటే కోపంలో తప్పులు పోయి రెండు కాగితాలు పాడయ్యాయి. ఆఖరికి అర్జీని పెన్ డ్రైవ్‌లో వేసుకుని, పెద్దాయనను తీసుకుని తడక దాటాను. అర్జీల వేళ ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి.

లోపలి గదిలో పాతది లేదు. దాని స్థానంలో చిన్న నల్ల లేజర్ ఉంది. నాకు చెప్పిందే తనూ కొనుక్కుంది. బర్రుమని ఒక చప్పుడు, కాగితం వెచ్చగా బయటికొచ్చింది. నేను చెయ్యి చాపాను. ఆమె నాకివ్వలేదు. పెద్దాయనకు కుర్చీ వేసి, ఎదురుగా కూర్చుని, నా హిందీని ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. చదివి వినిపించాకే సంతకం పెట్టించడం ఆమె పద్ధతట. నా భాష ఎంత బాగుందో ఇప్పుడైనా తెలుస్తుందిలే అని నేను గోడకానుకుని నిలబడ్డాను.

రెండో వాక్యానికే పెద్దాయన చెయ్యెత్తాడు. "ఆగమ్మా. మా నేల ములిగిపోనేదు. నీరు ఎప్పుడో తీసేసింది. ఉప్పెక్కిపోనాది, నుయ్యి నీరు కూడా ఖారా అయిపోనాది, తాగనేం. ములిగిందని రాస్తే, రేపు సాబ్ లోగ్ వచ్చి చూస్తే నీరు కనపడదు కదా, నన్ను ఝూటా అంటారు."

ఆ గదిలో ఎవరూ నా వైపు చూడలేదు. తోడికోడలు ఆ వాక్యం కొట్టేసి, ఆయన చెప్పినట్టే మళ్లీ రాయడం మొదలుపెట్టింది. 'కీ' దగ్గర ఆగి, "ఇక్కడ ఏది రావాలక్కా?" అని అడిగింది. చెప్పాను.

కొత్త కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఆయన లేచాడు. వరండా మెట్ల దాకా వెనకే వెళ్లి, మరి మొన్న నేనిచ్చిన దాని మీద సంతకం ఎందుకు పెట్టారని అడిగాను.

"మీరు పెట్టమన్నారు కదా దీదీ," అన్నాడు. "ఇన్నేళ్లూ అలాగే కదా పెట్టేను."